తీసిన సీసాలకు గడి లేదు

మూతి వంకర సీసా ఒకటి వచ్చింది. చేయి వెళ్లి రెండు వేళ్ల సందున దాని మెడ పట్టుకుని పక్కనున్న రేకు డబ్బాలోకి వదిలేసింది. అది భళ్లుమని పగిలేలోపు ఆమె చూపు ఇంకో ఆరు సీసాలు దాటిపోయింది. ఏడో దాని అడుగున ఆవగింజంత రాయి. చేయి మళ్లీ వెళ్లింది.

ఎదురుగా తెల్లటి లైటు పలక. దాని ముందు నుంచి బెల్టు మీద మందు సీసాలు బడిపిల్లల్లా వరస కట్టి పోతుంటాయి. గాలిబుడగ ఉన్నది, రాయి ఇరుక్కున్నది, భుజం పలచబడ్డది, మెడ కింద వెంట్రుక పగులు ఉన్నది, అన్నీ ఏరి పారేయాలి. అన్నిట్లోకీ పాపిష్టిది వెంట్రుక పగులు. ఎదురుగా చూస్తే కనపడదు. సీసా కాస్త తిరిగినప్పుడు దారప్పోగులా తళుక్కుమని మాయమవుతుంది. ఆ తళుకును పట్టుకోవడమే ఆమె బతుకుతెరువు. ఇరవై మూడేళ్లుగా అదే పలక, అదే బెల్టు. ముక్కు కొద్దిగా వంగి, కళ్లు లోపలికి పోయి, మెడ ముందుకు సాగి ఉంటుంది. ఫ్యాక్టరీలో అందరూ ఆమెను డేగ అంటారు. చిన్నవాళ్లు డేగక్క అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎవరి నోటా వినపడదు.

అరగంట కాగానే గుండుసూది వచ్చి భుజం తట్టింది. ఆమె డేగక్కకు జోడీ. సన్నగా రివటలా ఉంటుంది, తల మాత్రం గుండ్రం. అందుకే ఆ పేరు.

"లే అక్కా, నా వంతు. ఏంటి ఇవాళ బుడగలు ఎక్కువొస్తున్నాయి, కొలిమి దగ్గరోళ్లు నిద్రపోతున్నారా?"

"నిన్న జీతాలిచ్చారుగా. ఇవాళ వాళ్లే బుడగల్లా ఉన్నారు."

గుండుసూది నవ్వుతూ బల్లమీద కూర్చుంది. డేగక్క లేచి నడుం పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాతి అరగంటలో ఇరవై నిమిషాలు పెట్టెలకు కాగితాలు అంటించాలి. అంటించే ప్రతి కాగితం మీదా ఆ పెట్టెను ఎవరు చూశారో ఆ నంబరు ఉంటుంది. ఆమెది నాలుగు. మిగతా పది నిమిషాలు కళ్ల గదిలో కూర్చోవాలి.

కళ్ల గది అంటే చిన్న కొట్టు. కిటికీ లేదు. ఒక బెంచీ, ఎదురుగా ఆకుపచ్చ రంగు వేసిన గోడ. సీసాలు చూసేవాళ్ల కళ్లు అలసిపోతాయి కాబట్టి పది నిమిషాలు ఆ గోడను చూస్తూ కూర్చోవాలని నిబంధన. మొదటి ఇరవై ఏళ్లు ఆమె ఆ గోడనే చూసింది. ఎక్కడ రంగు పొక్కిందో, ఎక్కడ కుంచె వెంట్రుక ఒకటి అంటుకుపోయిందో అన్నీ తెలుసు. కళ్లకు తప్పు వెతకడమే అలవాటైతే గోడ ఇచ్చే విశ్రాంతి ఏపాటిది?

మూడేళ్ల నుంచి మాత్రం ఆ పది నిమిషాలూ ఫోను చూస్తోంది.

అదొక చేపల ఆట. ఏరులో చేపలు బారులు తీరి పోతుంటాయి. వాటిలో తేడా ఉన్నదాన్ని వేలితో తాకాలి. ఒకదానికి మచ్చ ఎక్కువుంటుంది, ఒకదానికి తోక పొట్టిగా ఉంటుంది. తాకగానే టింగుమని మోగి ఒక ముత్యం వచ్చి మూలనున్న చిప్పలో పడుతుంది. పది పడితే తెర నిండా బంగారు అక్షరాలతో "భేష్" అని వస్తుంది. ముత్యాలకు డబ్బు రాదు. చీర రాదు, చెంచా రాదు. అంకె పెరుగుతుంది, అంతే. ఈ పొద్దుటికి నాలుగు లక్షల పన్నెండు వేల చిల్లర.

ఫ్యాక్టరీలో సీసాలు ఏరి ఏరి, విశ్రాంతి గదిలో చేపలు ఏరుతుందేమిటని ఎవరికైనా నవ్వు రావచ్చు. ఇంటాయనకు వచ్చింది. "ఆ ముత్యాలు గుచ్చి దండ చెయ్యవే, మెళ్లో వేసుకుని పెళ్లిళ్లకు పోదాం" అన్నాడు. కూతురు నవ్వలేదు, కసిరింది. ఆ పిల్ల కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తుంది. "కళ్లు పోగొట్టుకుంటావే అమ్మా. దాని వల్ల ఏమొస్తుంది చెప్పు?"

"ఏమీ రాదు."

"మరెందుకు?"

డేగక్క కంచాలు తీసుకుని పెరట్లోకి వెళ్లింది.

కళ్ల గది తలుపు తెరుచుకుంది. సూపర్‌వైజర్. ఆమెకంటే పన్నెండేళ్లు చిన్న. మనిషి మర్యాదస్తుడే, గొంతు పెంచడు. చేతిలో పసుపు కాగితం ఉంది. ఆ రంగు దేనికో ఆమెకు తెలుసు.

"మందుల కంపెనీ నుంచి వచ్చిందమ్మా. మెడ పగులు. పెట్టె మీద నాలుగు."

అంటే ఆమె చూసి వదిలిన సీసా ఒకటి అక్కడ మందు పోస్తుంటే విరిగింది. ఆ కాగితం ఇప్పుడు చేతులు కడుక్కునే చోట గోడకు అంటిస్తారు. నంబరు, తేదీ, తప్పు. నెల రోజులు ఉంటుంది. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చేతులు తుడుచుకుంటూ చదువుతారు. ఇరవై మూడేళ్లలో అలాంటివి ఆమెకు పదకొండు వచ్చాయి. పదకొండింటి తేదీలూ చెప్పగలదు. పెళ్లిరోజు అడిగితే ఆలోచించాలి. ఇది పన్నెండోది.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా సార్?"

"లేదు. సీసానే పోయింది." అతని చూపు ఆమె ఒళ్లోని ఫోను మీద పడింది. అప్పుడే తెర మీద ఒక చేప తోక ఊపుతోంది. "ఇదేనమ్మా గొడవ. కళ్లకు విశ్రాంతి ఇమ్మని గది కట్టిస్తే, నువ్వు ఇక్కడా కళ్లు పొడుచుకుంటున్నావు."

"ఈ మూడేళ్లలో ఇదొక్కటే వచ్చింది సార్. ముందటివి పదకొండూ గోడ చూస్తూ కూర్చున్న రోజులవి."

"అది నాకు తెలీదు. నిబంధన అంటే నిబంధన." బేరం చెబుతున్నవాడిలా అన్నాడు. "రెండింటికి షిఫ్టు దిగేటప్పుడు నా బల్ల దగ్గరికి రా. నా ముందు ఆ ఆట తీసెయ్. ఇక పెట్టనని సంతకం పెట్టు. లేదంటే రేపట్నుంచి అట్టపెట్టెలు మడిచే చోటికి మారుస్తాను. పలక దగ్గర ఉండవు."

ఆట కావాలో పలక కావాలో రెండింటిలోపు తేల్చుకోవాలి.

ఆమె లేచింది. తలుపు దగ్గర ఆగింది.

"సార్, నేను వదిలినవి పన్నెండు. తీసినవి ఎన్ని?"

"ఏంటి?"

"ఇరవై మూడేళ్లలో నేను తీసి పారేసిన సీసాలు. ఎన్ని?"

అతనికి నిజంగానే అర్థం కాలేదు. "అవెవరు లెక్కపెడతారమ్మా? అది నీ పనేగా."

పలక ముందు కూర్చున్నాక కోపం వచ్చింది. ఆమెకు కోపం ఎప్పుడూ అలాగే వస్తుంది, పాలు పొంగినట్టు కాదు, ఇనుము కాలినట్టు. మెల్లగా వస్తుంది, చల్లారదు. నీ పనేగా. ఇంట్లోనూ ఆ మాటే. కూరలో ఉప్పు సరిపోయిన రోజున ఎవరూ నోరెత్తరు, కంచం ఖాళీ అవుతుంది. ఎక్కువైన రోజున మాత్రం మాట వస్తుంది. పెళ్లయిన కొత్తలో అత్తగారు వీధంతా చెప్పింది కోడలు కుండ పగలగొట్టిందని. పగలని కుండల్లో ఆ ఇల్లు ఎన్నేళ్లు నీళ్లు తాగిందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. మనిషి సరిగ్గా చేసినంతకాలం గాలిలా ఉంటుంది. తప్పు చేసిన రోజున కనపడుతుంది. ఇరవై మూడేళ్లలో ఈ ఫ్యాక్టరీ గోడ ఆమెను పన్నెండుసార్లు చూసింది.

అందుకు చేపలు. ఇప్పుడు కూతురు అడిగితే చెప్పేది. తాకితే మోగుతుంది, అందుకు. పొరపాటున బాగున్న చేపను తాకితే గోడకు అంటించదు, నీళ్లు ఒకసారి కదిలి ఊరుకుంటాయి. తేడా చేపను తాకితే నువ్వు పట్టుకున్నావు, నేను చూశాను, ఇదిగో ఒకటి అంటుంది.

అలాగని ఆమె పిచ్చిది కాదు. ఆ "భేష్" తనొక్కదానికే రాదని తెలుసు. తాకినవాళ్లందరికీ అదే అక్షరాలు, అదే బంగారు రంగు. ఆట రోజుకొక పూస చొప్పున దండ కడుతుంది, ఒక్కరోజు ఆడకపోతే అది తెగిపోతుందని బెదిరిస్తుంది. నిరుడు ఒళ్లు కాలిపోయే జ్వరంలో దుప్పటి కింద ఒక కన్ను తెరిచి ఆడింది. కూతురు ఫోను లాక్కుంటే, జన్మలో ఎప్పుడూ తిట్టని తిట్టు తిట్టింది. ఆ తర్వాత రెండు రోజులు సిగ్గుతో పిల్ల మొహం చూడలేదు. ఆ ఆట తయారు చేసినవాళ్లెవరో వాళ్ల మీద కూడా కోపమే. వాళ్లకు అన్నీ తెలుసు. ఊళ్లో ఇంతమంది పొద్దస్తమానం ఒక్క మంచిమాట లేకుండా ఒళ్లు వంచుతున్నారని తెలుసు. ఆ ఆకలి ఎక్కడ ఉందో వెతికి మరీ విస్తరి వేశారు. వడ్డించేది గాలి. కానీ ఇక్కడ ఫ్యాక్టరీ వాళ్లకూ ఇంట్లో వాళ్లకూ ఆ విస్తరి వేయాలన్న తలపైనా రాలేదే.

పదింపావుకు పెద్దసారు వచ్చాడు. పక్క బెల్టుకు మొన్ననే కొత్త మిషను బిగించారు. లోపల కెమెరాలు. సీసా వంకరగా ఉంటే గాలి ఊది పక్కకు తోసేస్తుంది. దాని నెత్తిన ఒక తెర, తెర మీద చేతివెడల్పు ఆకుపచ్చ అంకె. తీసేసినకొద్దీ పెరుగుతుంది. పెద్దసారు నడుం మీద చేతులు పెట్టుకుని ఆ అంకె వైపు చూశాడు. నూట నలభై. నూట నలభై ఒకటి.

"పొద్దుట్నించి నూట నలభై తీసిందా? భేష్," అని మిషను వీపు మీద తట్టాడు.

డేగక్క చేతిలోని సీసా రేకు డబ్బాలో పడకుండా అంచుకు తగిలి కిందపడింది. ఇరవై మూడేళ్లలో చేయి గురి తప్పడం అదే మొదలు.

ఇనప డబ్బాను తట్టాడు. ఆ మాట దానికి వినపడదు. రాత్రికి ఇంటికి వెళ్లి ఎవరికీ చెప్పుకోదు. దానికి అంకె ఎందుకు? దాని కోసం పెట్టలేదు, వీళ్లు చూసుకోవడానికి పెట్టుకున్నారు. సరే, పెట్టుకోండి. ఈ పక్కన కూడా ఒకటి పెట్టడానికి ఎవడి సొమ్ము పోయింది? ఒక సుద్దముక్క, ఒక పలక. అంతేగా.

ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. పన్నెండు దాకా వెళ్లేసరికి ఒక తళుకు వచ్చి పోయింది. చూపు దాన్ని పట్టింది కాని, మనసు పదమూడు అనడంలో ఉంది. సీసా దాటిపోతుంటే బల్ల మీద నుంచి సగం లేచి, బెల్టు చివర అందుకుంది. అప్పుడు తెలిసింది. చూసేవాళ్లు లెక్కపెట్టుకోలేరు. కళ్లు సీసాల మీద ఉంటే అంకె జారిపోతుంది, అంకెను పట్టుకుంటే సీసా జారిపోతుంది. పక్కన ఇంకొకరు నిలబడి లెక్కపెట్టాలి. ఈ పని చేసేవాళ్లకు తమ లెక్క తమకు ఎప్పటికీ తెలియదు.

గుండుసూది భుజం తట్టినప్పుడు అదే చెప్పింది. కాగితం సంగతి, సంతకం సంగతి, పెద్దసారు సంగతి కూడా చెప్పింది.

"తీసెయ్ అక్కా, ముత్యాలేమన్నా వండుకు తింటామా? పలక పోతే అట్టలు మడవాలి. అక్కడ దుమ్ముకి దగ్గు పట్టుకుంటుంది. పోయినేడు ఆ లావాయన ఎట్లా అయిపోయాడు, చూశావుగా." గుండుసూది బెల్టు మీదనుంచి కళ్లు తిప్పకుండానే మాట్లాడుతోంది. "పెద్దసారు దాని వీపు తట్టాడా? నేను చూళ్లేదే. దానికి దిష్టి కూడా తియ్యాల్సింది."

డేగక్క నవ్వలేదు. కాగితాలు అంటించడానికి వెళ్లింది. కళ్ల గదిలో ఫోను తీసి కూతురికి చేసింది.

"తీసెయ్యమ్మా, మంచిదేగా," అంది కూతురు. వెనకాల దుకాణంలో ఎవరో అక్షరాలు చదువుతున్నారు. "ఉద్యోగం కంటే ఆటా? అయినా ఈ వయసులో నీకు ఇంకేం కావాలే?"

"సరేలే. అన్నం తిన్నావా?"

"తింటాన్లే. ఉండు, మనుషులొచ్చారు."

ఆ పది నిమిషాలూ ఆమె ఆట తెరవలేదు. ఆకుపచ్చ గోడనే చూసింది.

పదకొండింటికి మళ్లీ పలక ముందు కూర్చుంది. ఇరవై నిమిషాలు గడిచాక పక్కన ఎవరో నిలబడినట్టయింది. గుండుసూది. అంటించే పని గబగబా ముగించుకుని, తన కళ్ల గది పది నిమిషాలూ వదులుకుని వచ్చింది. చేతిలో పాత కాగితాల కట్ట.

"నువ్వు సీసాలు చూడు. నేను నీ చెయ్యి చూస్తా," అంది. "వెళ్లినప్పుడల్లా కాగితం మూల చించుతా. మాట్లాడకు మరి, నేను అసలే లెక్కల్లో మొద్దుని."

రెండు గంటల దాకా ఆమె వంతు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ గుండుసూది చివరి పది నిమిషాలు వచ్చి నిలబడింది. వెనక చిర్రుమని కాగితం చిరిగిన చప్పుడు వినపడినప్పుడల్లా డేగక్క వీపు కాస్త నిటారుగా అయింది. చేపలు మోగినట్టు కాదు. ఇది ఇంకోలా ఉంది. బుడగ, చిర్రు. రాయి, చిర్రు. ఒకసారి వరసగా నాలుగు. "అమ్మో," అని గొణిగింది గుండుసూది. ఇరవై మూడేళ్లలో డేగక్క తన పని గురించి విన్న మొదటి మెప్పు అదే.

గంట మోగే ముందు గుండుసూది చెప్పింది. "డెబ్బై మూడు. మూడు పదులు ముప్పై నిమిషాలకి. పైన ఒకటో రెండో, మధ్యలో ముక్కు దురద పెట్టింది."

సూపర్‌వైజర్ బల్ల కొత్త మిషను బెల్టు చివర, సీసాలు పెట్టెల్లోకి దిగే చోట ఉంది. అతను తలెత్తకుండానే సంతకం పెట్టాల్సిన కాగితం ఇటు తిప్పాడు.

"తీసేశావా?"

ఆమె ఫోను బల్లమీద పెట్టింది. ఆట తెరిచే ఉంది. మూలన చిప్ప, చిప్ప పక్కన అంకె.

"మీ ముందే తీసేస్తాను సార్. నాలుగు లక్షల పన్నెండు వేలు. ఒక్క ముత్యం మిగలకుండా పోతాయి, పోనీ. ఒక్కటే అడుగుతాను. ఇవాళ ముప్పై నిమిషాల్లో డెబ్బై మూడు తీశాను. గుండుసూది చూసింది. ఆ పసుపు కాగితం పక్కన అది కూడా రాసి అంటించండి."

అతను కలం కింద పెట్టాడు. వెటకారం చేయలేదు. చేసినా బాగుండేది.

"ఎట్లా రాస్తానమ్మా? ఇదిగో చూడు, ఈ కాగితంలో తేదీకి గడి ఉంది, నంబరుకి ఉంది, తప్పుకి ఉంది. తీసినవాటికి గడి లేదు."

"గీయండి."

"ఏంటి?"

"కలం ఉంది, స్కేలు ఉంది. గడి గీయండి సార్."

"అట్లా గీయకూడదు. ఇది పైనుంచి అచ్చయి వస్తుంది." ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "అయినా ఒక్క అంకె కోసం ఇంత పట్టుదలా? దాంతో నీకు ఏమొస్తుంది?"

కూతురు అడిగిన మాటే. ఇంటాయన నవ్విన మాటే. ఆమె జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. అతని భుజం వెనక, మిషను దాటి వచ్చిన సీసాలు పెట్టె వైపు పోతున్నాయి. అన్నీ మిషను చూసి, బాగున్నాయని వదిలినవే. ఒకటి మలుపు దగ్గర కాస్త తిరిగింది. తళుక్కుమంది.

చేయి దానంతటదే వెళ్లింది. అతని తల మీదుగా చాపి, రెండు వేళ్ల సందున మెడ పట్టుకుని తీసింది. అక్కడ రేకు డబ్బా లేదు. ఆ సీసాను అతని కాగితాల మీద నిలబెట్టింది.

అతను ఉలిక్కిపడ్డాడు. "ఏంటిది?"

"చూడండి."

అతను సీసా పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. మూతి తడిమాడు. అడుగు చూశాడు. లైటుకు ఎదురుగా పెట్టి ఒక కన్ను మూశాడు.

"బానే ఉందిగా."

ఆమె అతని మొహం వైపు కొంచెంసేపు చూసింది. ఫోను తీసుకుంది. నంబరు నాలుగు అని రాసి ఉన్న బిళ్ల పైటకు ఉంటే, పిన్ను ఊడదీసి సంతకం పెట్టని కాగితం మీద పెట్టింది.

"రేపు రాను సార్. అట్టల దగ్గరికి కూడా రాను."

కోపంగా అనలేదు. మంచినీళ్లు అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది. చేతులు కడుక్కునే చోట పసుపు కాగితం అప్పటికే అంటించి ఉంది. ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, పూర్తిగా చదివి, గేటు దాటింది. తర్వాతి షిఫ్టు మనిషి ఇంకా రాలేదు, గుండుసూది పలక ముందే ఉంది. వెనక్కి తిరిగితే సీసాలు దాటిపోతాయి కాబట్టి తిరగలేదు. బస్సులో ఫోను రెండుసార్లు మోగింది, రేపు ఆడకపోతే దండ తెగిపోతుంది జాగ్రత్త అని. ఆమె సంచిలోంచి తీయలేదు, ఆపనూలేదు.

బిళ్లను మర్నాడు ఇంకొకావిడకు ఇచ్చారు. సీసాను మాత్రం సూపర్‌వైజర్ పారేయలేదు. పారేయడానికి దానిలో తప్పేమీ అతనికి కనపడలేదు. రెండు కలాలు అందులో పెట్టుకుని, స్కేలు దానికి ఆనించాడు. అది అతని బల్ల మీదే ఉంది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడినప్పుడు, మెడ కింద దారప్పోగంత వెలుగు ఒకటి తళుక్కుమని మాయమవుతుంది.